బొమ్మల స్టాండు కొంటున్నారా? ముందు మీ మెడను అడగండి

ఉద్యోగ విరమణ తర్వాత కుంచె పట్టేవాళ్లు, పిల్లల చేతికి ఫోను బదులు రంగుల పెట్టె ఇద్దామనుకునే తల్లిదండ్రులు, పని ఒత్తిడి నుంచి తెరిపిన పడటానికి ఆదివారం పూట బొమ్మలేసే ఉద్యోగులు మన చుట్టూ చాలామందే ఉన్నారు. రంగులకు, కుంచెలకు, కాన్వాసులకు డబ్బు పెట్టడానికి వెనకాడం. బొమ్మను నిలబెట్టే స్టాండు దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘దానికెందుకు దండగ?’ అనేస్తాం. ఆ స్టాండునే ఈజిల్ అంటారు. అది లేకపోతే బొమ్మకు వచ్చే నష్టం పెద్దగా లేకపోవచ్చు. మెడకు మాత్రం ఉంది.

అరవై దాటిన ఓ విశ్రాంత ఉపాధ్యాయుడు మా ఆసుపత్రి ఓపీకి వచ్చారు. మెడ పట్టేస్తోందన్నారు. కుడి చేతి బొటనవేలు, చూపుడు వేలు తిమ్మిరెక్కుతున్నాయన్నారు. ఆయనకు బీపీ కూడా ఉంది. ప్రభుత్వాసుపత్రి ఓపీ సంగతి మీకు తెలిసిందే. ఒక్కొక్కరికి దొరికేది నాలుగైదు నిమిషాలు. చూసి, నాలుగు రోజులకు మాత్రలు రాసి పంపాను.

రెండు నెలల తర్వాత మళ్లీ వచ్చారు. ఈసారి పక్కన కోడలు ఉంది. ‘‘మీరు రాసినవి అయిపోయాక మందుల షాపులో అవే కొనుక్కుని రోజూ వేసుకుంటున్నారండీ. చెబితే వినరు’’ అంది. రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ పెరిగి ఉంది. అంటే కిడ్నీల మీద భారం మొదలైందన్నమాట. మొదటిరోజే అడగాల్సిన ప్రశ్న అప్పుడు అడిగాను: ‘‘మాస్టారూ, రోజంతా ఏం చేస్తుంటారు?’’

‘‘బొమ్మలేస్తానండీ. చాప మీద కూర్చుని, అట్ట ఒళ్లో పెట్టుకుని. మొదలెడితే మూడు గంటలు ఎలా పోతాయో తెలీదు.’’

‘‘ఈ వయసులో ఆ బొమ్మలు మానేస్తే సరిపోతుంది కదండీ?’’ అంది కోడలు. ఆమె మంచికే అంది. కానీ ఆ మాటకు ఆయన తల దించుకున్నారు. భార్య పోయాక ఆయనకు మిగిలిన వ్యాపకం అదొక్కటే. మానొద్దు, బొమ్మను పైకెత్తండి, ఒక స్టాండు కొనండి అన్నాను. ‘‘ఎంతవుతుందండీ?’’ అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ ఆదివారం నేనే నాలుగు దుకాణాలు తిరిగాను. తెలిసిన వడ్రంగిని కూడా అడిగాను. ఆ తిరుగుడులో తెలిసినవీ, వైద్యుడిగా నాకు తెలిసినవీ కలిపి మీకు చెబుతున్నాను.

వంగిన తల ఎంత బరువు?

మన తల బరువు సుమారు 5 కిలోలు. నిటారుగా ఉన్నప్పుడు ఆ బరువు వెన్నుపూసల మీద సమంగా నిలుస్తుంది. తల ముందుకు వంగేకొద్దీ దాన్ని పడిపోకుండా పట్టి ఉంచడానికి మెడ వెనక కండరాలు గట్టిగా లాగాల్సి వస్తుంది. న్యూయార్క్‌కు చెందిన వెన్నెముక శస్త్రచికిత్స నిపుణుడు కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో దీన్ని కంప్యూటర్ నమూనాతో లెక్కగట్టారు. తల 15 డిగ్రీలు వంగితే మెడ మీద పడే భారం సుమారు 12 కిలోలు, 30 డిగ్రీలకు 18, 60 డిగ్రీలకు 27 కిలోలు. ఆయన లెక్క వేసింది సెల్‌ఫోన్ చూసేవాళ్ల కోసం. ఒళ్లో అట్ట పెట్టుకుని బొమ్మలేసేవాళ్ల మెడ కూడా దాదాపు అలాగే వంగుతుంది. అదీ గంటల తరబడి, కదలకుండా.

‘మన కలంకారీ కళాకారులు తరతరాలుగా కింద కూర్చునే కదా వేస్తున్నారు?’ అని అడుగుతారేమో. నిజమే. వాళ్లకు చిన్నప్పటి నుంచీ అలవాటు. పొడవాటి బట్ట మీద పని కాబట్టి పక్కకు జరుగుతూ, లేస్తూ వేస్తారు. అయినా మెడ, నడుము నొప్పులు వాళ్లను వదిలిపెట్టవు. అరవయ్యో ఏట కొత్తగా చాప పరచుకున్నవాళ్ల ఒంటికి ఆ అలవాటు కూడా లేదు.

కొనేముందు నాలుగు ప్రశ్నలు

దుకాణానికి వెళ్లాక ఆలోచిస్తే అందంగా ఉన్నదే కొంటాం. అందుకే ఇంట్లోనే ఈ నాలుగూ తేల్చుకోండి.

ఏ రంగులు వేస్తారు? నీటిరంగులైతే బొమ్మ నిలువుగా ఉండకూడదు, రంగు కిందికి కారిపోతుంది. 15 నుంచి 20 డిగ్రీల వాలు చాలు. అక్రిలిక్, ఆయిల్ రంగులకు దాదాపు నిలువుగా ఉండాలి. పొడి పాస్టెల్స్ వేసేవాళ్లకు పై అంచు కాస్త ముందుకు వంగితే మంచిది. పొడి బొమ్మ మీద పేరుకోకుండా నేరుగా కింద పడుతుంది. నీటిరంగులు మాత్రమే వేసేవాళ్లు నిలువు ఈజిల్ కొంటే అది మూలన పడుతుంది.

ఎంత పెద్ద బొమ్మ? ఏ4, ఏ3 కాగితాలకు బల్ల మీద పెట్టుకునే చిన్న స్టాండు చాలు. 18–24 అంగుళాల కాన్వాసు దాటితే నేల మీద నిలిచే స్టాండు కావాలి.

కూర్చుని వేస్తారా, నిలబడా? మోకాళ్ల నొప్పులు, కాళ్లలో ఉబ్బునరాలు, పాదాల మంట ఉన్నవాళ్లు కుర్చీలోనే వేయాలి. నడుము నొప్పి ఉన్నవాళ్లకు కాసేపు కూర్చుని, కాసేపు నిలబడి వేస్తే హాయిగా ఉంటుంది. వాళ్లకు ఎత్తు బాగా మార్చుకోగల స్టాండు అవసరం.

ఇంట్లో చోటెంత? రెండు పడగ్గదుల ఇంట్లో ఎప్పుడూ తెరిచి ఉంచే స్టాండు కుదరదు. మడిచి తలుపు వెనక పెట్టేది చూసుకోవాలి.

పిండి కొద్దీ రొట్టె

ఇక్కడ చెప్పే ధరలు నేను దుకాణాల్లో చూసినవి. ఊరిని, నాణ్యతను బట్టి కొంత అటూ ఇటూ అవుతాయి.

పైసా ఖర్చు లేనివి: రెండు ఉపాయాలున్నాయి. ఒకటి భోజనాల బల్ల కుర్చీ. దాని మీద అట్టను నిలబెట్టి, వీపు ఆనించే పలకకు చేరగిలేయండి. ఎదురుగా మరో కుర్చీలో కూర్చుని వేయండి. అట్ట జారకుండా కింద ఓ తడిపి పిండిన గుడ్డ పెట్టండి. రెండోది వ్యాసపీఠం. పెద్దవాళ్లు రామాయణం పెట్టుకుని చదివిన చెక్క పీఠం చాలా ఇళ్లలో అటక మీద ఉంటుంది. దాన్ని బల్ల మీద పెట్టి పైన అట్ట ఉంచితే చిన్న కాగితాలకు చక్కటి వాలు వస్తుంది. కొనేముందు నెల రోజులు ఇలా వేసి చూడండి. ఆ నెలలో కుంచె పట్టింది రెండుసార్లేనని తేలితే డబ్బు మిగిలినట్టే.

బల్ల మీద పెట్టే ఈజిల్: సుమారు రూ.400 నుంచి రూ.1,000. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు, నీటిరంగులు వేసేవాళ్లకు, పిల్లలకు నేను ముందు చెప్పేది ఇదే. వాలు మూడు నాలుగు రకాలుగా మార్చుకునేలా ఉండాలి. సొరుగు ఉన్న పెట్టె రకం కాస్త ఎక్కువ ధర. ఆ సొరుగు లేకపోయినా మెడకు తేడా ఏమీ ఉండదు.

ఇనుము లేదా అల్యూమినియం ముక్కాలి స్టాండు: సుమారు రూ.700 నుంచి రూ.1,500. కెమెరా స్టాండులా మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. తేలిక కాబట్టి పెద్దవాళ్లు కూడా మోయగలరు. ఆ తేలికదనమే దాని లోపం కూడా. కుంచె గట్టిగా ఆనిస్తే ఊగుతుంది, ఫ్యాను గాలికి కాన్వాసుతో సహా పడిపోతుంది. మూడు కాళ్ల మధ్య ఓ సంచిలో రెండు లీటర్ల నీళ్ల సీసా వేలాడదీస్తే చాలావరకు కుదురుకుంటుంది.

చెక్క ముక్కాలి ఈజిల్: సుమారు రూ.1,000 నుంచి రూ.2,500. మధ్యతరగతి ఇంటికి సరిగ్గా సరిపోయేది ఇది. అయితే ఓ మోసం ఉంది. పెళ్లిళ్లలో స్వాగతం బోర్డు పెట్టే స్టాండు కూడా చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది, చవకగా వస్తుంది. అది బొమ్మను చూపించడానికి చేసింది, వేయడానికి కాదు. పైన కాన్వాసును బిగించి పట్టే క్లిప్పు ఉండదు. ఎత్తు మార్చడానికి రెండు మూడు రంధ్రాలు మాత్రమే ఉంటాయి. తక్కువకు వచ్చిందని కొంటే మళ్లీ మెడే వంగాల్సి వస్తుంది.

హెచ్ ఆకారంలో నాలుగు కాళ్ల స్టూడియో ఈజిల్, మడిస్తే పెట్టెలా అయ్యే ఫ్రెంచి ఈజిల్: ఇవి సుమారు రూ.4,000 నుంచి మొదలవుతాయి. గట్టివి, మంచివి. రోజూ వేసేవాళ్లకు, పెద్ద బొమ్మలు అమ్ముకునేవాళ్లకు తగినవి. మొదటి స్టాండుగా ఇవి అక్కర్లేదు.

వడ్రంగి చేత చేయించుకుంటే?

మా మాస్టారి ఇంట్లో చివరికి కుదిరింది ఇదే. 2 అంగుళాల వెడల్పు, 1 అంగుళం మందం ఉన్న పట్టీ 25 అడుగులు సరిపోతుంది. పాత తలుపు చట్రమో, మంచమో ఉంటే అందులోంచే తీయొచ్చు. అయిదున్నర అడుగుల కాళ్లు మూడు. ముందువి రెండూ పైన దగ్గరగా, కింద రెండడుగుల ఎడంగా ఉండాలి. వాటిని కలుపుతూ రెండు అడ్డపట్టీలు. వెనక కాలును పైన మడతబందుతో బిగించాలి. కాలు వెనక్కి జారిపోకుండా ముందు అడ్డపట్టీకీ దానికీ మధ్య చిన్న గొలుసు కట్టించాలి.

అసలు కిటుకు రంధ్రాల్లో ఉంది. ముందు కాళ్లకు నేల నుంచి అడుగున్నర ఎత్తులో మొదలుపెట్టి, పైదాకా రెండేసి అంగుళాలకు ఒక రంధ్రం పెట్టించండి. వాటిలో రెండు చెక్క మేకులు దోపి, వాటి మీద కాన్వాసును మోసే పట్టీ పెడితే ఎత్తు మీ ఇష్టం. అంచులు చిత్రిక పట్టించి, గరుకు కాగితంతో రుద్దించడం మరిచిపోవద్దు. మధుమేహం ఉన్నవాళ్ల చేతికి పేడు గుచ్చుకుంటే మానడానికి వారాలు పట్టొచ్చు.

దుకాణంలో ఏం చూడాలి?

టేపు తీసుకెళ్లండి. అంతకుముందు ఇంట్లో మీరు వాడబోయే కుర్చీలో నిటారుగా గోడ పక్కన కూర్చుని, కంటి ఎత్తులో ఒక పెన్సిల్ గీత, ఛాతీ ఎత్తులో మరో గీత పెట్టించుకోండి. కుంచె ఆడే చోటు ఆ రెండు గీతల మధ్య ఉండాలి. కుర్చీలో కూర్చున్నప్పుడు చాలామందికి కంటి గీత నేల నుంచి నాలుగు అడుగులకు కాస్త తక్కువగా వస్తుంది. 24 అంగుళాల కాన్వాసు పై భాగం వేయాలంటే దాన్ని మోసే పట్టీ రెండడుగుల కంటే కిందికి దిగాలి. కింది భాగం వేసేటప్పుడు అంతా పైకి జరగాలి. ఈ రెండూ చేయగలదా అని దుకాణంలోనే దించి, ఎత్తి చూడండి. చాలా స్టాండులు నిలబడి వేసేవాళ్ల కోసం చేసినవే. కూర్చునేవాళ్లకు తగినంత కిందికి దిగవు.

తర్వాత పై అంచును రెండు వేళ్లతో నెట్టి చూడండి. ఊగి ఆగితే ఫర్వాలేదు, ఊగుతూనే ఉంటే వద్దు. బిగించే మరలను మీరే బిగించి, వదులు చేయండి. కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకున్నవాళ్లు సన్నటి మరలు తిప్పలేరు. పెద్ద రెక్కలున్న నట్లు లేదా మేకులతో మార్చేవి వాళ్లకు మేలు. కాళ్ల కింద రబ్బరు తొడుగులు ఉన్నాయా? నున్నటి టైల్సు మీద అవి లేకపోతే జారుతుంది. ఆన్‌లైన్లో కొంటుంటే బొమ్మ చూసి మోసపోకుండా పట్టీ కనిష్ఠ ఎత్తు, గరిష్ఠ ఎత్తు, మోయగల బరువు రాసి ఉన్నాయో లేదో చూడండి. తిరిగి ఇచ్చే వీలుందా అన్నదీ ముఖ్యమే.

ఇంటికి తెచ్చాక...

భుజం కంటే పైకి చెయ్యెత్తి ఎక్కువసేపు వేయకండి. బొమ్మనే కిందికి దించండి. మధుమేహం ఉన్నవాళ్లలో భుజం బిగుసుకుపోయే సమస్య ఎక్కువ. ఒకసారి పట్టేస్తే నెలల తరబడి బాధపెడుతుంది.

కళ్లద్దాల సంగతి చాలామందికి తట్టదు. రెండు చూపుల అద్దాలు, ప్రోగ్రెసివ్ అద్దాలు వాడేవాళ్లకు దగ్గరి చూపు అద్దం కింది భాగంలో ఉంటుంది. కంటి ఎత్తులో ఉన్న బొమ్మను చూడాలంటే గడ్డం పైకెత్తాలి. ‘స్టాండు కొన్నాక మెడనొప్పి ఇంకా ఎక్కువైంది’ అని వచ్చేవాళ్లలో కారణం తరచూ ఇదే. బొమ్మను ఛాతీ ఎత్తుకు దించి, కాస్త వెనక్కి వాల్చండి. రోజూ వేసేవాళ్లయితే కాన్వాసు ఉండే దూరం కొలిచి చెప్పి, ఆ దూరానికే విడిగా అద్దాలు రాయించుకోండి.

వెలుతురు పక్క నుంచి పడాలి. కుడిచేతి వాటం వాళ్లకు కిటికీ ఎడమవైపు ఉంటే చేతి నీడ బొమ్మ మీద పడదు. ముక్కాలి స్టాండు కాళ్లు నడిచే దారిలోకి పొడుచుకు రాకుండా గోడ మూలకు పెట్టండి. రాత్రి బాత్రూముకు లేచిన పెద్దవాళ్లు దాన్ని తట్టుకుని పడితే తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉంది. పని అయిపోగానే మడిచేయండి.

ఎంత మంచి స్టాండైనా కదలకుండా కూర్చోవడానికి అనుమతి పత్రం కాదు. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరాన ఉన్నదాన్ని 20 సెకన్లు చూడండి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెనక్కి వేసి బొమ్మను దూరం నుంచి చూడండి. చిత్రకారులు బొమ్మ కోసం చేసే పని ఇది, నడుముకూ మేలే.

వాసన, దుమ్ము కూడా చూసుకోవాలి. ఆయిల్ రంగుల్లో వాడే టర్పెంటైన్ ఆవిరి తలనొప్పి తెస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్లకు ఆయాసం పెంచుతుంది. ఈజిల్‌ను పడగ్గదిలో కాకుండా గాలి ఆడే వరండాలో వేసుకోండి. ఇంట్లో చిన్నపిల్లలు, గర్భిణులు ఉంటే అక్రిలిక్, నీటిరంగులే నయం. కుంచె మొనను నోటితో తడిపే అలవాటు మానండి, కొన్ని రంగుల్లో కాడ్మియం, సీసం లాంటివి ఉంటాయి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేయొద్దు. వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. పరిచి ఆరబెట్టి పారేయండి.

పిల్లలకైతే...

నిలువు పలక మీద గీసేటప్పుడు పిల్లల మణికట్టు, భుజం బాగా పనిచేస్తాయి. అందుకే ఆక్యుపేషనల్ థెరపిస్టులు చిన్నపిల్లల చేత నిలువుగా గీయించమంటారు. దానికి ఖరీదైన రెండువైపుల పిల్లల ఈజిల్ అక్కర్లేదు. గోడకు పాత క్యాలెండర్ తిరగేసి అంటించినా చాలు. కొనేటట్లయితే మడతల దగ్గర వేళ్లు నలగకుండా ఉందా, ఆనుకుంటే తిరగబడుతుందా అని చూడండి. పిల్లలు ఏటా పెరుగుతారు కాబట్టి ఎత్తు మార్చుకోగలదే తీసుకోండి.

ఒంటికి తగ్గట్టు స్టాండు

ఫ్రెంచి చిత్రకారుడు రెన్వా (1841–1919) చివరి ఏళ్లలో కీళ్లవాతంతో చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. చెయ్యి దూరం చాచలేరు. అందుకని కాన్వాసును రెండు రోలర్లకు చుట్టి, పిడి తిప్పితే కావాల్సిన భాగం ఎదురుగా వచ్చే ఏర్పాటు చేయించుకున్నారు. మెక్సికోకు చెందిన ఫ్రిదా కాలో 1925లో బస్సు ప్రమాదంలో వెన్నెముక విరిగి మంచాన పడ్డప్పుడు, పడుకునే బొమ్మలు వేసేందుకు వీలుగా తల్లి ప్రత్యేకంగా ఈజిల్ చేయించింది. ఇద్దరూ తమ ఒళ్లు ఎంతవరకు కదులుతుందో చూసుకుని, స్టాండును దానికి తగ్గట్టు మలుచుకున్నారు. పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్లు, చేతులు వణికేవాళ్లు కూడా బరువైన, కదలని బల్ల స్టాండు పెట్టుకుని మోచేతిని బల్ల మీద ఆనించి వేయొచ్చు. ఫిజియోథెరపిస్టును అడిగి మొదలుపెట్టండి.

కళలు ఆరోగ్యానికి చేసే మేలు మీద 3,000కు పైగా అధ్యయనాలను పరిశీలించి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక నివేదిక ఇచ్చింది. మనసుకూ, ఒంటికీ మేలుందనే చెప్పింది. బీపీ మాత్రకు అది ప్రత్యామ్నాయం కాదు. కానీ ఇంట్లో ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్లకు రోజూ ఎదురుచూసే పని ఒకటి ఉండటం చిన్న విషయం కాదు.

ఎప్పుడు డాక్టరును కలవాలి?

స్టాండు మార్చి, విరామాలు తీసుకున్నా రెండు మూడు వారాల్లో నొప్పి తగ్గకపోతే చూపించుకోండి. చేతిలో పట్టు తప్పి కుంచె జారిపోవడం, తిమ్మిరి పెరగడం, నడకలో తూలడం, మల మూత్రాలపై అదుపు తప్పడం, నొప్పితో పాటు జ్వరం లేదా బరువు తగ్గడం ఉంటే అస్సలు ఆగొద్దు. ఎడమ చేయి, దవడ, ఛాతీ కలిసి నొప్పి వస్తే దాన్ని మెడనొప్పి అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. నొప్పి మాత్రలు మాత్రం సొంతంగా కొని రోజుల తరబడి వాడొద్దు. బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కడుపులో పుండు ఉన్నవాళ్లు అసలే వద్దు.

మాస్టారికి ఆ మాత్రలు ఆపాక క్రియాటినిన్ దిగింది. ఫిజియోథెరపీలో నేర్పిన మెడ వ్యాయామాలు రోజూ చేశారు. మెడనొప్పి రెండు నెలల్లో బాగా తగ్గింది, తిమ్మిరి పోవడానికి ఇంకా ఎక్కువ సమయం పట్టింది. ఇదంతా స్టాండు ఒక్కటే చేసిన మాయ కాదు. కానీ అది లేకపోతే మళ్లీ చాప, మళ్లీ మాత్ర. మొన్న బీపీ మాత్రల కోసం వచ్చినప్పుడు కోడలు చెప్పింది, ‘‘ఇప్పుడు సాయంత్రం పూట మా అబ్బాయి కూడా పక్కన నిలబడి గీస్తున్నాడండీ. వాడి కోసం పట్టీ కింది రంధ్రాల్లోకి దించుతారు, వాడు వెళ్లాక మళ్లీ పైకెత్తుకుంటారు’’ అని.

మీ ఇంట్లోనూ ఎవరైనా వంగిపోయి బొమ్మలేస్తుంటే ‘మానేయండి’ అనేముందు ఓసారి వెనక నిలబడి వాళ్ల మెడ చూడండి. తర్వాత టేపు తీసుకుని గోడ మీద ఆ రెండు గీతలు పెట్టండి. దానికి ఖర్చేమీ కాదు.